తెలుగు పీరియడ్‌లో కోడింగ్: ఎండని చేప కథతో చదవడం, రాయడం నేర్పే పద్ధతి

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమోపు మీద చెప్పింది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. అందరికీ తెలిసిన కథే. ప్రాథమిక తరగతుల్లో కోడింగ్ మొదలుపెట్టడానికి ఇంతకన్నా అనువైన కథ నాకు తెలియదు. ఒకరి మాట అయ్యాకే ఇంకొకరి మాట రావాలి, ప్రతి మాటకూ ముందు ఒక కారణం ఉండాలి, వాక్యం అచ్చు మారదు గానీ అందులో మాటలు మారుతుంటాయి. ప్రోగ్రామ్ రాసేవాళ్లు రోజంతా చేసే పని కూడా దాదాపు ఇదే.

ఈ వ్యాసం 1 నుంచి 5 తరగతులకు తెలుగు చెప్పే టీచర్ల కోసం. కంప్యూటర్ టీచర్ల కోసం కాదు. జాతీయ విద్యా విధానం 2020 కోడింగ్‌ను 6వ తరగతి నుంచి మొదలయ్యే దశలో పెట్టింది. అంతకన్నా ముందు బడి మీదున్న బాధ్యత వేరు. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం 3వ తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలి. కాబట్టి చిన్న తరగతుల్లో కోడింగ్‌కు విడిగా పీరియడ్ అడగొద్దు. తెలుగు పీరియడ్‌లోనే, చదువుకూ రాతకూ పనికొచ్చేంత మేరకే వాడుకోండి. పీరియడ్ అయ్యేసరికి తెర మీద బొమ్మ కదిలింది గానీ పిల్లల నోటుబుక్కులో ఒక్క వాక్యం చేరలేదంటే, ఆ రోజు తెలుగు పాఠం జరగనట్టే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

చిన్న తరగతులకు స్క్రాచ్ జూనియర్ చాలు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరీనా బెర్స్ బృందం, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం, ప్లేఫుల్ ఇన్వెన్షన్ కంపెనీ కలిసి 5 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం తయారుచేసి 2014లో విడుదల చేసిన ఉచిత యాప్ ఇది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో, ఐప్యాడ్‌లో నడుస్తుంది. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పర్వాలేదు. మనకు కలిసొచ్చే విషయం ఇంకోటుంది. దాని బ్లాకుల మీద, అంటే పాత్ర ఏం చేయాలో చెప్పడానికి వరసగా పేర్చే ముక్కల మీద, మాటలుండవు, బొమ్మలే ఉంటాయి. అందువల్ల ఇంగ్లిష్ రాని పిల్లలకు అడ్డేమీ లేదు. తెర మీద కనబడే అక్షరాలన్నీ పిల్లలు రాసుకున్న తెలుగే అవుతాయి.

ఇద్దరికో ముగ్గురికో ఒక ట్యాబ్ ఉంటే బాగుంటుంది. బడి మొత్తానికీ ఒక్కటే ఉన్నా పని జరుగుతుంది, కాకపోతే వంతులు వేసుకోవాలి. అసలు ట్యాబే లేకపోతే? కింద చెప్పిన మొదటి రెండు మెట్లకూ, చివర్లో చెప్పే వాక్యాల ఆటకూ కాగితం, సుద్దముక్క ఉంటే చాలు.

మొదటి మెట్టు: తెర లేకుండా

కథ నోటితో చెప్పండి. రెండోసారి చెప్పేటప్పుడు ప్రశ్న పిల్లల చేత అనిపించండి: "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" జవాబు మీరు చెప్పండి. మూడోసారి మీరు అడగండి, వాళ్లు చెబుతారు.

తర్వాత ఏడు అట్టముక్కల మీద ఏడుగురి పేర్లు రాసి ఏడుగురు పిల్లల మెడలో వేయండి: చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ. వాళ్లను వరస తప్పి నిలబెట్టండి. మిగతా తరగతి పేర్లు చదివి వాళ్లను సరైన వరసలోకి పంపాలి. "ఆవు, గడ్డిమోపు పక్కకి రా" అంటే కుదరదని ఒక నియమం పెట్టండి. "రెండడుగులు ముందుకు, కుడికి తిరుగు, ఒకడుగు" అని చెబితేనే కదలాలి. ఎవరి కుడి, చెప్పేవాళ్లదా, నడిచేవాళ్లదా అని అరుపులు మొదలవుతాయి. కాసేపు అరవనివ్వండి. చెప్పింది చెప్పినట్టు చేసేవాడికి పని ఎంత విడమరిచి చెప్పాలో అప్పుడే తెలుస్తుంది.

ఇక నల్లబల్ల మీద ప్రశ్నలన్నీ ఒకదాని కింద ఒకటి రాయండి. ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు అనేవి ఒక తీరు. అడ్డమొచ్చావు, ఏడ్చావు, కుట్టావు అనేవి ఇంకో తీరు. ఏవి ఒకేలా ముగుస్తున్నాయో పిల్లల్నే గీత గీయమనండి. పిలుపులు కూడా చూడమనండి: చేప చేపా అయింది, చీమ చీమా అయింది, అవ్వ అవ్వా అయింది. పిలిచినప్పుడు చివరి అచ్చు సాగుతుందని 2వ తరగతి పిల్లలు తామే పట్టేస్తారు. అప్పుడు "బల్లిని ఎలా పిలుస్తారు, కాకిని ఎలా పిలుస్తారు?" అని అడగండి. వ్యాకరణం పేరెత్తకుండానే సంబోధన వచ్చేసింది.

కథ ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా ఉంటుంది. పాలేరును కొన్నిచోట్ల గొల్లవాడంటారు, తెలంగాణలో జీతగాడు అనే మాటా వింటాం. పిల్లలు ఇంట్లో విన్న మాటనే ఉంచండి.

రెండో మెట్టు: నాలుగు గళ్ల కాగితం

స్క్రాచ్ జూనియర్‌లో ఒక ప్రాజెక్టుకు నాలుగు పేజీలే ఉంటాయి. ఈ హద్దు కథ నేర్పేవాళ్లకు మేలే చేస్తుంది. ఎ4 కాగితాన్ని అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి మడిస్తే నాలుగు గళ్లు వస్తాయి. ఒక్కో గడిలో ఒక బొమ్మ, కింద ఒక వాక్యం. వేట ఒకటి, ఎండబెట్టడం రెండు, ప్రశ్నల గొలుసు మూడు. నాలుగో గడిని మాత్రం పిల్లలకు వదిలేయండి: చీమ జవాబు చెప్పాక ఏమైంది? అసలు కథ అక్కడే ఆగిపోతుంది కదా. ఆ చేప చివరికి ఎండిందా లేదా ఎవరూ చెప్పరు. పిల్లలకు చెప్పడానికి చాలా ఉంటుంది.

ఈ కాగితం పూర్తి కాని జట్టుకు ట్యాబ్ ఇవ్వకండి. ఇక్కడ మెత్తబడితే పిల్లలు రంగులు వేసుకుంటూ కూర్చుంటారు, పీరియడ్ కాస్తా అయిపోతుంది, కథ కదలదు.

మూడో మెట్టు: ఏడుగురూ ఒకేసారి మాట్లాడే రోజు

మొదట మూడో గడినే తెర మీదకు తెండి, కోడింగ్ అంతా అందులోనే ఉంది. యాప్‌లో లేని పాత్రల్ని పిల్లలే గీసుకోవచ్చు. గీసిన ఆకారంలోకి కెమెరాతో ఫొటో నింపే వీలు కూడా ఉంది, కాబట్టి పిల్లాడి పాత్రకు జట్టులో ఒకరి ముఖమే పెట్టొచ్చు. ఏడుగురూ ఒకే పేజీలో పట్టాలంటే ఊదా రంగులో ఉండే చిన్నదిగా మార్చే బ్లాక్ వాడాలి.

ఒక్కో పాత్రకు పచ్చజెండాతో మొదలయ్యే పసుపు బ్లాక్, దాని పక్కన మాట్లాడే ఊదా బ్లాక్ పెట్టమనండి. మాటల బుడగలో ఆ పాత్ర జవాబు రాయాలి. చేపకు "గడ్డిమోపు అడ్డమొచ్చింది", గడ్డిమోపుకు "ఆవు మేయలేదు", ఇలా చీమ దాకా. ఇప్పుడు జెండా నొక్కితే ఏడు బుడగలూ ఒక్కసారే పైకి లేస్తాయి.

"టీచర్, మా చీమ ముందే మాట్లాడేస్తోంది!"

ఇది మీరు కోరుకున్న ఘట్టమే. వెంటనే జవాబు చెప్పకండి. "ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చీమకు ఎవరు చెప్పారు?" అని అడగండి. ఎవరూ చెప్పలేదు. అందరికీ ఒకే జెండా ఎత్తాం మరి.

పిల్లలకు సాధారణంగా ముందు తట్టే ఉపాయం ఆగమనడం. నారింజ రంగు బ్లాకుల్లో వేచి ఉండేది ఒకటుంది, అందులో 10 అని పెడితే ఒక సెకను. చేపకు ఏమీ పెట్టరు, గడ్డిమోపుకు 30, ఆవుకు 60, అలా పెంచుకుంటూ పోతారు. బాగానే నడుస్తుంది. అప్పుడు మీరు చేప జవాబును కాస్త పొడిగించమనండి: "ఎండ తగలకుండా పెద్ద గడ్డిమోపు అడ్డమొచ్చింది." వాక్యం పొడుగయ్యేకొద్దీ బుడగ ఎక్కువసేపు నిలబడుతుంది. చేప మాట ముగియకముందే గడ్డిమోపు అందుకుంటుంది. ఒక్క వాక్యం మార్చినందుకు మిగతా ఆరుగురి లెక్కలూ తిరగరాయాలి. అవసరం ఇంత దాకా వచ్చాకే ఉత్తరాల బ్లాకులు చూపించాలి. ముందే చూపిస్తే అవి ఎందుకో పిల్లలకు అంతుపట్టదు.

పసుపు బ్లాకుల్లో కవరు బొమ్మలున్నవి రెండు ఉంటాయి. ఒకటి ఉత్తరం పంపుతుంది, ఇంకోటి ఉత్తరం అందితే పని మొదలుపెడుతుంది. ఉత్తరాలకు ఆరు రంగులున్నాయి: నారింజ, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. మన కథలో ఏడుగురు, వాళ్ల మధ్య లంకెలు సరిగ్గా ఆరు. చేప తన మాట చెప్పి నారింజ ఉత్తరం పంపుతుంది. నారింజ అందితే గడ్డిమోపు మాట్లాడి ఎరుపు పంపుతుంది. ఎరుపు అందితే ఆవు. చివర్లో ఊదా ఉత్తరం అందుకుని చీమ అంటుంది: "నా పుట్టలో వేలు పెడితే కుట్టనా?" ఇక ఎవరి వాక్యం ఎంత పొడుగైనా వరస చెడదు.

ఈ ఉత్తరాలు ఒక పేజీలోని పాత్రల మధ్యే తిరుగుతాయి, ఇంకో పేజీలోకి వెళ్లవు. గొలుసును రెండు పేజీలకు విడగొట్టిన జట్లు ఇక్కడ ఇరుక్కుంటాయి, కాబట్టి ముందే చెప్పండి.

చేపకు జెండా బ్లాక్ తీసేసి, వేలితో తాకితే మొదలయ్యే బ్లాక్ పెట్టండి. తరగతంతా "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అని అడుగుతుంది, ఒకరు చేపను తాకుతారు, జవాబులు తెర మీద వరసగా వస్తాయి. ప్రతి బుడగనూ అందరూ పైకి చదవాలి. అదే పనిగా అడిగించుకుంటారు, అదే పనిగా చదువుతారు. వాచకంలో పేరా అన్నిసార్లు చదవమంటే చదువుతారా?

నాలుగో మెట్టు: బుడగలో తెలుగు

1, 2 తరగతుల్లో టైపింగ్ జోలికి వెళ్లొద్దు. వాళ్ల గొంతు రికార్డు చేయిస్తే చాలు. 3వ తరగతి నుంచి టైప్ చేయించండి. ట్యాబ్‌లో తెలుగు కీబోర్డు ముందు రోజే ఎక్కించి, ఒకటి రెండు బుడగలు మీరే రాసి చూసుకోండి.

కీబోర్డు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. పెద్దవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకుంటాం. పిల్లలకు అది వద్దు. ఏ ఒత్తు పెట్టాలో, దీర్ఘం ఉందో లేదో యంత్రమే ఊహించి రాసేస్తుంది, నేర్చుకోవాల్సిన పని పిల్లల చేతిలోంచి జారిపోతుంది. అక్షరాలు నేరుగా కనిపించే తెలుగు కీబోర్డే పెట్టండి. మాటలు ముందే సూచించే సదుపాయం ఉంటే ఆపేయండి.

ఆ కీబోర్డు మీద "గడ్డి" అని రాసేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. చేత్తో రాసే పిల్లలు గ రాస్తారు, డ రాసి గుడి కట్టి డి చేస్తారు, చివరికి కింద ఒత్తు పెడతారు. కీబోర్డు మీద అలా కుదరదు. గ, డ, పొల్లు, మళ్లీ డ, ఆ తర్వాతే గుడి. చేతిరాత అలవాటుతో గుడి ముందే కొడితే పొల్లు ఎటూ అతకక విడిగా వేలాడుతుంది, అక్షరం చెడిపోయినట్టు కనబడుతుంది. అప్పుడు ఆ మాటను నెమ్మదిగా పలకమనండి: గడ్... డి. చెవికి వినిపించే వరసలోనే కీబోర్డు అడుగుతోంది. ఒత్తు రాయడం వచ్చి కూడా అది ఏ ధ్వనికి గుర్తో తెలియని పిల్లలు తరగతికి కొందరుంటారు. వాళ్లకు ఈ పని నోటుబుక్కు కన్నా బాగా పనిచేస్తుంది.

"అడ్డమొచ్చింది" అనే మాటకు 13 నొక్కులు. కష్టమే. అందుకే టైప్ చేసే ముందు ఆ మాటను నోటుబుక్కులో ముక్కలు చేసి రాయించండి: అ, డ, పొల్లు, డ, మ, ఒత్వం, చ, పొల్లు, చ, గుడి, సున్న, ద, గుడి. జట్టులో ఒకరు చదువుతుంటే ఇంకొకరు నొక్కాలి, పాత్ర మారినప్పుడల్లా పని మార్చుకోవాలి. వాక్యం సరిగ్గా వచ్చాకే తర్వాతి పాత్రకు వెళ్లాలి.

ఐదో మెట్టు: గొంతు

ఆకుపచ్చ బ్లాకుల్లో మైకు ఉంటుంది. ప్రతి పాత్రకూ పిల్లల గొంతే పెట్టించండి. తాము చదివింది తామే వినగానే ఎక్కడ తడబడ్డారో వాళ్లకే తెలుస్తుంది. మీరు చెప్పక్కర్లేకుండానే చెరిపి మళ్లీ చదువుతారు. ధారాళంగా చదివించడానికి ఇంత సులువైన దారి తక్కువ. బుడగ, గొంతు రెండూ ఒకేసారి రావాలంటే ఒకే రంగు ఉత్తరంతో మొదలయ్యే రెండు వరసలు పెట్టాలి, ఒకదానిలో మాటల బ్లాక్, రెండోదానిలో గొంతు బ్లాక్. రికార్డింగ్ వరండాలో చేయించండి. తరగతి గదిలో చేస్తే చీమ మాటల వెనక ఎక్కాలు వినబడతాయి.

ఇంట్లో కోయ, గోండి, లంబాడీ, సవర మాట్లాడే పిల్లలున్న బడుల్లో గొంతు వాళ్ల భాషలోనూ, బుడగ తెలుగులోనూ పెట్టొచ్చు. విదేశాల్లో వారాంతపు తెలుగు బడుల్లో పరిస్థితి తిరగబడి ఉంటుంది. అక్కడ చాలామంది పిల్లలకు ఈ బ్లాకులు ముందే వచ్చి ఉంటాయి, తెలుగే తడుముకుంటారు. వాళ్లకు బ్లాకుల గురించి చెప్పడం మానేసి, సమయమంతా బుడగకే ఇవ్వండి.

మిగతా పేజీల్లో పాత్రలు కదులుతాయి కాబట్టి అక్కడ క్రియలు చెప్పుకోవచ్చు. నడక బ్లాక్ వేరు, గెంతే బ్లాక్ వేరు. వేగానికి మూడు స్థాయులున్నాయి. అవ్వను నిదానంగా నడిపించిన పిల్లల నోటుబుక్కులో "అవ్వ వచ్చింది" అని మాత్రమే ఉంటే, తెర మీద ఉన్నది కాగితం మీద లేదేమని అడగండి. "మెల్లగా" వచ్చి చేరుతుంది.

ఆరో మెట్టు: సొంత గొలుసు

ఇప్పుడు పాత కథ పక్కన పెట్టి కొత్త ప్రశ్న వేయండి. బస్సు ఎందుకు ఆలస్యమైంది? బోరు ఎందుకు పోయడం లేదు? మామిడికాయలన్నీ ఎందుకు రాలిపోయాయి? నాలుగు లంకెలు చాలు, ఆరు అక్కర్లేదు. ప్రతి లంకెలోనూ నిజమైన కారణం ఉండాలన్నది ఒక్కటే షరతు. "బస్సు ఎందుకు రాలేదు? డ్రైవర్ అన్నం తినలేదు. ఎందుకు తినలేదు? ఏనుగు వచ్చింది" అని రాస్తే ఏనుగుకూ అన్నానికీ సంబంధమేంటని జట్టులో వాళ్లే పట్టుకుంటారు. ఏనుగును తీసేయమనకండి, కారణం రాయమనండి. వరసగా చెప్పడాన్ని దాటి కారణంతో చెప్పడం ఇక్కడే అలవాటవుతుంది.

4, 5 తరగతులకు: వాక్యాల యంత్రం

పెద్ద పిల్లలకు ఎంఐటీ 2007లో తెచ్చిన స్క్రాచ్ బాగుంటుంది. దానికి ఆఫ్‌లైన్ యాప్ కూడా ఉంది. ఇక్కడ నేను చెప్పే ప్రాజెక్టుకు మూలం చాలా పాతది. 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. లోగో అంటే గీతలు గీసే తాబేలే గుర్తొస్తుంది గానీ, తాబేలు తర్వాత వచ్చింది. మొదట్లో అది మాటలతో, వాక్యాలతో ఆడుకునే భాష. వ్యాకరణం ఎందుకో అంతుబట్టని ఒక బడి పిల్ల గురించి పాపర్ట్ రాశారు. కంప్యూటర్ చేత తోచిన వాక్యాలు రాయించబోయి, నామవాచకాల్నీ క్రియల్నీ వేరుచేసి పెడితే తప్ప యంత్రం సరైన వాక్యం రాయదని ఆ అమ్మాయి కనిపెట్టింది. అవి ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది.

తెలుగులో ఈ ఆట ఇంకా రంజుగా ఉంటుంది. స్క్రాచ్‌లో మూడు జాబితాలు చేయించండి: ఎవరు, ఎక్కడికి, ఏం చేశారు. మొదటిదాంట్లో రాజు, అవ్వ, చీమ, పిల్లలు, చేపలు. రెండోదాంట్లో సంతకు, బడికి, చెరువుకు. మూడోదాంట్లో వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. ఒక్కోదాంట్లోంచి ఒకటి ఇష్టమొచ్చినట్టు తీసి, కలిపి, స్క్రాచ్ తెర మీదుండే పిల్లి బొమ్మ చేత చెప్పించాలి. మొదట వచ్చేది ఇలా ఉంటుంది: అవ్వసంతకువచ్చాడు.

రెండు తప్పులు. మాటలు కలిపే బ్లాక్ మధ్యలో ఖాళీ పెట్టదు, ఆ ఖాళీని కూడా మనమే రాయాలి. మాటకూ మాటకూ మధ్య ఎడం వదలని పిల్లలకు నోటుబుక్కులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని సంగతి ఇక్కడ ఒక్కసారికే ఎక్కుతుంది. రెండో తప్పుకు తరగతి నవ్వులతో ఊగిపోతుంది. చేపలు వచ్చాడు, రాజు వచ్చింది. నవ్వు తగ్గాక దీన్ని బాగుచేయమనండి. ఎవరు అనే జాబితాను విడగొట్టాలి. ఎన్ని ముక్కలుగా? రెండని మొదలుపెడతారు, నాలుగు దగ్గర తేలుతుంది: రాజుకు వచ్చాడు, అవ్వకూ చీమకూ వచ్చింది, పిల్లలకు వచ్చారు, చేపలకు వచ్చాయి. అవ్వనూ చీమనూ ఒకే జాబితాలో వేయడమేంటని ఎవరో ఒకరు అడుగుతారు. "ఇద్దరు అవ్వలు, రెండు చీమలు అని చూడండి" అనండి. అవ్వలు వచ్చారు, చీమలు వచ్చాయి, అక్కడ విడిపోతాయి. మరి తాతగారు ఒక్కరే కదా, వచ్చారు అంటామేం? గౌరవం కాబట్టి తాతగారిని బహువచనం జాబితాలో వేయాలి. ఈ ముక్క మీరు చెప్పకండి, వాళ్లే కనిపెడతారు.

కంప్యూటర్ లేని బడిలో ఇదే ఆటను మూడు చాక్‌పీసు డబ్బాల్లో చీటీలు వేసి ఆడొచ్చు. నవ్వులు ఏమాత్రం తగ్గవు.

తరగతి నడిపే సంగతులు

ముప్పై మంది, నాలుగు ట్యాబ్‌లు ఉన్నాయనుకోండి. ఒకేసారి పన్నెండు మందికి మించి తెర ముందు కూర్చోబెట్టకండి. మిగతావాళ్లలో కొందరు నాలుగు గళ్ల కాగితం మీద, కొందరు టైప్ చేయాల్సిన మాటల్ని ముక్కలు చేసే పనిలో ఉండాలి. వారానికి రెండు పీరియడ్లు ఇస్తే ఎండని చేప కథకు నెలన్నర పడుతుంది. తొందరపెట్టకండి. చార్జింగ్, ఫైళ్ల పేర్ల టెన్షన్ మీ ఒక్కరి మీదే వేసుకోకుండా 5వ తరగతి పిల్లలకు అప్పగించండి. ప్రతి ప్రాజెక్టుకూ జట్టు పేరు పెట్టించకపోతే వచ్చే పీరియడ్‌లో ఎవరి చేప ఏదో తేల్చుకోవడంతోనే సరిపోతుంది.

మార్కులు వేసేటప్పుడు బొమ్మ అందాన్ని, బ్లాకుల సంఖ్యను చూడకండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ట్యాబ్ మూసేసి మూడు పనులు చేయించండి: కథ చెప్పమనండి, తన పాత్ర వాక్యాన్ని కాగితం మీద రాయమనండి, తన పాత్ర ఎవరి తర్వాత, ఎందుకు మాట్లాడుతుందో అడగండి. మొదటి రెండూ వచ్చి మూడోది రాకపోతే జట్టులో పని ఇంకొకరు చేశారని అర్థం, వచ్చే వారం ఆ పిల్లలకు ఉత్తరాల పని ఇవ్వండి. మూడోది వచ్చి రెండోది రాకపోతే ఇంకో వారం టైపింగ్ ఆపి, ఆ వాక్యాన్నే పలక మీద రాయించండి.